పక్కపక్కనే రెండు బోర్లు... నీళ్లు మాత్రం వేరు!

నేల అడుగున రాయి చీలినచోట నీళ్లు దొరుకుతాయి. ఒక్కోసారి ఆ నీళ్లతోపాటే యురేనియమూ పైకొస్తుంది. ఎందుకలా?

ఒకే వీధి. ఒకే బోరుబండి. ఒకే వారంలో వేసిన రెండు బోర్లు. మధ్య దూరం మహా అయితే యాభై గజాలు. ఒకదాంట్లో రెండంగుళాల నీళ్లు ఎగదన్నుతాయి. రెండోదాంట్లో ఆరువందల అడుగులు దిగినా పైకొచ్చేది రాతిదుమ్మే! తెలంగాణలోనూ రాయలసీమలోనూ గ్రానైట్ నేలల మీద బతికేవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఒకరు అదృష్టం అంటారు. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ సరిగ్గా లేవలేదంటారు. డబ్బు పోయినవాళ్లు మాత్రం ఏమీ అనలేక ఊరుకుంటారు.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. రెండు బోర్లలోనూ నీళ్లు పడ్డాయనుకోండి. రెండూ తేటగానే ఉంటాయి, రెండూ ఒకే రుచి. ప్రయోగశాలకు పంపిస్తే ఒకదాంట్లో యురేనియం ఉండీలేనట్టు ఉంటుంది. రెండోదాంట్లో తాగునీటికి పెట్టిన హద్దు దాటి ఉంటుంది. ఊరు ఒకటే, రాయి ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

నీళ్లు పడటానికీ పడకపోవటానికీ ఏది కారణమో, చాలాచోట్ల ఈ తేడాకీ అదే కారణం. అదే... రాతిలోని చీలిక!

మడతకాజా చెప్పే పాఠం

గ్రానైట్ ఇసుకలాంటిది కాదు. దానిలో నీళ్లు ఇంకే రంధ్రాలు దాదాపు ఉండవు. పైన ఎండకూ వానకూ చివికిపోయిన మొరం పొర కొంత నీటిని పట్టుకుంటుంది. దాని కింద గట్టిరాయి మొదలయ్యాక నీళ్లుండేది పగుళ్లలోనే. బోరు వేసేటప్పుడు రాయి దిగుతూ దిగుతూ ఒక్కసారిగా మెత్తగా తగిలి, ఊట పైకి తన్నిందంటే పగులు తగిలిందన్నమాట. భూగర్భ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల్లో సన్నని గీతల కోసం వెతికేదీ, నేలలోకి విద్యుత్తు పంపి కొలిచేదీ ఈ పగుళ్ల జాడ పట్టుకోవటానికే.

పగుళ్లన్నీ ఒకటి కాదు. రాయి ఊరికే బీటలు వారితే అది మామూలు పగులు. పగిలిన రెండు భాగాలూ ఒకదానిమీద ఒకటి ఒరుసుకుంటూ కదిలితే దాన్ని 'భ్రంశం' అంటారు. మడతకాజాను మధ్యకు కోసి ఒక సగాన్ని కొంచెం కిందికి జరపండి. ఒకవైపు పొరలు రెండోవైపు పొరలతో కలవవు కదా! నేలలో జరిగేదీ అదే. కాకపోతే కాజా కోయటానికి ఒక క్షణం చాలు, నేలకు లక్షలు, కోట్ల ఏళ్లు పడుతుంది.

ఇంత పెద్ద కాజాను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. గోదావరి లోయలో మంచిర్యాల నుంచి కొత్తగూడెం దాకా సింగరేణి గనులున్న ప్రాంతం, అటూ ఇటూ భ్రంశాలుండగా మధ్యలో కిందికి దిగిపోయిన నేల. అలా దిగబట్టే బొగ్గు పొరలు కోతకు గురికాకుండా మిగిలాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలాన్ని కుదిపిన భూకంపమూ ఆ లోయలో వచ్చిందే.

టన్ను రాతిలో చిటికెడు

ఇక యురేనియం సంగతి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ దీన్ని 1789లో కనుక్కున్నాడు. పేరు వినగానే అణుబాంబులు, రియాక్టర్లు గుర్తొస్తాయి గానీ, నిజానికి ఇది మన కాళ్లకింద అంతటా ఉండే లోహం. మామూలు గ్రానైట్‌లో టన్నుకు సుమారు మూడు నాలుగు గ్రాములుంటుంది. కొన్ని గ్రానైట్లలో అంతకు కొన్ని రెట్లు ఎక్కువ.

ఆ నాలుగు గ్రాములూ రాయి గట్టిగా ఉన్నంతకాలం ఖనిజ రేణువుల్లో బందీలే. నీళ్లు తగలవు, గాలి సోకదు. అందుకే గ్రానైట్ కొండ మీద ఇల్లు కట్టుకున్నంత మాత్రాన తాగేనీళ్లలో యురేనియం కలిసిపోదు. బందీకి తలుపు తెరిచేవాడు ఒకడు కావాలి. ఆ పని భ్రంశం చేస్తుంది. అదీ మూడు రకాలుగా.

మొదటిది, నలగ్గొట్టటం. రెండు రాతి దిమ్మెలు ఒరుసుకుంటే మధ్యలో ఉన్నది పిండి అవుతుంది. పటికబెల్లం గడ్డను గ్లాసు నీళ్లలో వేస్తే కరగటానికి గంటలు పడుతుంది. అదే గడ్డను దంచి వేస్తే నిమిషాల్లో కరిగిపోతుంది. పదార్థం అదే, బరువు అదే. నీటికి తగిలే ఉపరితలం పెరిగిందంతే! భ్రంశం దగ్గర నలిగిన రాతిదీ ఇదే లెక్క. లోపల దాగిన యురేనియం రేణువులు నీటికి ఎదురుపడతాయి.

రెండోది, దారి ఇవ్వటం. యురేనియానికి రెండు ముఖాలున్నాయి. ఆక్సిజన్ అందనిచోట అది దాదాపు కరగదు, రాతిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆక్సిజన్ అందితే రూపం మార్చుకుని నీళ్లలో కలుస్తుంది. వాననీరు మట్టిలోంచి దిగుతూ వేళ్ల దగ్గరి కార్బన్ డయాక్సైడును కలుపుకుని బైకార్బొనేట్‌గా మారుతుంది, సున్నాన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఈ రెండూ యురేనియంతో జతకట్టాయంటే దాన్ని ఇక విడిచిపెట్టవు, నీటితోపాటే ఎంతదూరమైనా తీసుకుపోతాయి. చీలిక లేకపోతే ఆక్సిజన్ ఉన్న నీళ్లు అంతలోతుకు పోవటమే కష్టం.

మూడోది, కలవనివాటిని కలపటం. కాజా పొరల్లాగే భ్రంశం వల్ల ఒకవైపు గ్రానైట్, మరోవైపు సున్నపురాయి పక్కపక్కకు రావచ్చు. యురేనియం ఉన్న రాయి ఒకటి, దాన్ని మోసే నీటిని తయారుచేసే రాయి మరొకటి... ఎప్పటికీ కలవాల్సిన పని లేనివి భ్రంశం గీత మీద ఎదురుపడతాయి!

గోగిలో ఏం జరిగింది?

ఇది పుస్తకాల్లో మాట కాదనటానికి మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. కర్ణాటకలోని యాదగిరి జిల్లా షాపూర్ తాలూకాలో గోగి అనే ఊరు. ఒకప్పటి నిజాం రాజ్యంలోని గుల్బర్గా ప్రాంతం. చరిత్ర చదివినవాళ్లకు ఇది బీజాపూర్ ఆదిల్‌షాహీ వంశానికి మూలపురుషుడైన యూసుఫ్ ఆదిల్‌షా సమాధి ఉన్న ఊరిగా తెలుసు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మరో కారణంతో తెలుసు. హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా పనిచేసే అణు ఖనిజ సంస్థ అక్కడ యురేనియం ఖనిజాన్ని గుర్తించింది.

ఆ ప్రాంతంలో అడుగున పురాతన గ్రానైట్, దానిపైన భీమా పరీవాహకంలోని సున్నపురాయి. తూర్పు పడమరలుగా సాగిన ఒక భ్రంశం రెండింటినీ చీల్చుకుంటూ వెళ్లింది. ఆ గీత పొడవునా సున్నపురాయి ముక్కలు ముక్కలైంది. గ్రానైట్‌కూ పగుళ్లు పడ్డాయి. భూగర్భంలోని వెచ్చని జలాలు యురేనియాన్ని మోసుకుంటూ ఈ పగుళ్లలో ప్రయాణించాయి. పైరైట్, సేంద్రియ పదార్థం తగిలినచోట ఆక్సిజన్ కరవైంది. మోసుకొచ్చిన బరువును అక్కడే దించేశాయి. అలా పేరుకున్నదే గోగి ఖనిజం.

అంటే గోగి గని ప్రాంతం మనకు ఒక రికార్డు పుస్తకం లాంటిది. భ్రంశం దారిలో నీరు యురేనియాన్ని ఎలా మోస్తుందో, ఎక్కడ దించుతుందో రాతిలో రాసిపెట్టింది. దించినదాన్ని ఇంకోరోజు మళ్లీ ఎత్తుకోదన్న హామీ మాత్రం లేదు. గాలి తగలని లోతులో నిద్రపోతున్న యురేనియానికి పరిస్థితులు మారి ఆక్సిజన్ అందితే, మళ్లీ నీటిలోకి దిగుతుంది.

తలుపు తెరిచేదీ, మూసేదీ

అలాగని భ్రంశం కనిపించినచోటల్లా యురేనియం ఉంటుందనుకుంటే పొరపాటు. నలిగిన రాయి ఏళ్ల తరబడి నీటిలో నాని జిగట బంకమన్నుగా మారుతుంది. అప్పుడు అదే భ్రంశం గోడలా అడ్డంపడుతుంది. ఒకపక్క నీరు ఆ గోడను దాటి రెండోపక్కకు పోలేదు. బంకమన్నుకూ తుప్పురంగు ఇనుప ఖనిజాలకూ యురేనియాన్ని పట్టుకునే గుణం ఉంది. అవి వడపోత గుడ్డలా పనిచేసి నీటిని కొంత శుభ్రం చేయనూవచ్చు.

అందుకే ఒకే భ్రంశానికి ఇటుపక్క బోరు నీళ్లు ఒకరకంగా, అటుపక్కవి ఇంకోరకంగా ఉండటం సాధ్యమే. లోతు సంగతీ అంతే. లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతితో ఎక్కువకాలం గడిపి ఉంటాయి కాబట్టి యురేనియం పెరగొచ్చు. మరీ ఆక్సిజన్ లేనిచోట అయితే తగ్గనూవచ్చు. ఇన్ని అడుగులు దాటితే మంచినీళ్లు, దాటకపోతే చెడ్డనీళ్లు అన్న సూత్రమేదీ లేదు.

భ్రంశం దారి ఎంత లోతుకు ఉంటుందో చెప్పే సాక్షి మరొకటుంది... రేడాన్. యురేనియం క్రమంగా విచ్ఛిన్నమవుతూ మధ్యలో రేడియంగా మారుతుంది, రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. వాయువు కాబట్టి చీలికలు దొరికితే పైకి వస్తుంది. 1966లో తాష్కెంట్ భూకంపానికి ముందు అక్కడి లోతైన బావి నీటిలో రేడాన్ పెరిగినట్టు సోవియట్ శాస్త్రవేత్తలు గమనించారు. మట్టికింద కనిపించకుండా ఉన్న భ్రంశం ఎటుపోతోందో తెలుసుకోవటానికి, నేలలోని రేడాన్‌ను కొలవటం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతే.

నల్గొండ లెక్కలు

మన దగ్గరికొద్దాం. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున నల్గొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు పేర్లు పాత పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అక్కడ యురేనియం గని తవ్వుతామన్న ప్రతిపాదన మీద 2003లో పెద్ద ఆందోళనే జరిగింది. గని రాలేదు. ఆ ప్రాంతంలో పురాతన గ్రానైట్ మీద, చాలాకాలం గడిచాక ఇసుక పేరుకుని గట్టిరాయిగా మారింది. ఆ రెండు రాళ్లూ కలిసే హద్దు దగ్గరా, దాని కిందున్న గ్రానైట్ పగుళ్లలోనూ ఖనిజం ఉంది.

ఆ పరిసరాల్లోని బావులూ బోర్ల నీటిని చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో యురేనియం కనిష్ఠంగా 0.2 మైక్రోగ్రాములు, గరిష్ఠంగా 68. సగటు 18.5. ప్రతి అయిదు నమూనాల్లో ఒకటి 30 దాటింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు.

ఈ లెక్కల్లో గమనించాల్సింది గరిష్ఠం ఎంతన్నది కాదు, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తేడా. అటు నుంచి ఇటు మూడువందల రెట్లకు పైనే! 'మా ఊళ్లో యురేనియం ఉందా లేదా?' అన్న ప్రశ్నకు అందుకే అర్థం లేదు. 'మా బోరులో ఎంతుంది?' అన్నదే సరైన ప్రశ్న. నల్గొండవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఫ్లోరైడూ గ్రానైట్ నుంచి వచ్చిందే. ఒక బోరు నీళ్లు తాగిన ఇంట్లో కాళ్లు వంకర్లు పోతే, మరో బోరు నీళ్లు తాగినవాళ్లు బాగానే ఉండటం వాళ్లు కళ్లారా చూశారు.

మనం కలిపే పాళ్లు

చీలికలు భూమి చేసినవి. వాటిని మనం వాడుకునే తీరు మాత్రం మనదే. ఎడాపెడా తోడటంవల్ల నీటిమట్టం పడిపోతే, ఇన్నాళ్లూ నీటిలో మునిగి గాలి ఎరగని పగుళ్లలోకి గాలి దూరుతుంది. వానలు పడి మట్టం పెరిగినప్పుడు ఆ నీళ్లు కరగటానికి సిద్ధంగా ఉన్న యురేనియాన్ని కలుపుకుంటాయి. పొలాల్లో ఎక్కువైన ఎరువుల నుంచి దిగే నైట్రేటూ ఆక్సిజన్ చేసే పనే చేస్తుంది. అమెరికాలోని రెండు పెద్ద వ్యవసాయ ప్రాంతాల భూగర్భ జలాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2015లో ఈ నైట్రేట్ సంబంధాన్ని చూపించారు.

అమెరికాకే చెందిన డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం మన రాజస్థాన్, గుజరాత్‌లలో 324 బావుల నీటిని పరీక్షించి 2018లో నివేదిక ఇచ్చింది. రాజస్థాన్‌లో పరీక్షించినవాటిలో దాదాపు మూడోవంతు హద్దు దాటాయి. అసలు మూలం రాళ్లే అయినా, పడిపోతున్న నీటిమట్టమూ నైట్రేటూ దాన్ని ఎక్కువ చేస్తున్నాయని ఆ బృందం చెప్పింది.

హద్దు ఎంత? హాని ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు దాటకూడదంది. 2004లో దాన్ని 15 చేసింది. 2011లో 30కి మార్చింది. అదీ తాత్కాలికమేనంది. భారత ప్రమాణాల సంస్థ కూడా తాగునీటికి ఈ 30నే తీసుకుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి రేడియోధార్మికత లెక్కన పెట్టిన హద్దు 60.

యురేనియం అనగానే రేడియేషన్ అని హడలిపోతాం. తాగేనీళ్ల విషయంలో ముందుగా చూడాల్సింది అది కాదు, దాని రసాయన గుణం. సీసంలాగే ఇదీ బరువైన లోహం. తాగినదాంట్లో వందకు ఒకటి రెండు పాళ్లే రక్తంలోకి చేరుతుంది, మిగిలింది మలంతో పోతుంది. రక్తంలోకి వెళ్లినదాన్ని బయటకు పంపే బాధ్యత మూత్రపిండాలది. దెబ్బ తగిలేదీ వాటికే. కొంత ఎముకల్లో చేరుతుంది.

ఫిన్లాండ్‌లోనూ గ్రానైట్‌లో వేసిన బోర్ల నీళ్లు తాగే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పరిశోధకులు అలాంటి 325 మందిని పరీక్షించి 2002లో ఫలితాలు వెల్లడించారు. యురేనియం పెరిగేకొద్దీ మూత్రపిండాల్లోని సన్నటి నాళికల పనితీరులో చిన్న మార్పులు కనిపించాయి, మూత్రంలో కాల్షియం పోవటం పెరిగింది. పైకి తెలిసే జబ్బేమీ లేదు. ఒకటి రెండు గ్లాసులు తాగితే ఏదో అయిపోతుందని భయపడనక్కర్లేదు. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగటం, వాటితోనే వండుకోవటం గురించే ఆలోచించాలి. ప్రతి కిడ్నీ జబ్బునూ యురేనియానికి అంటగట్టటమూ సరికాదు. మధుమేహం, రక్తపోటు లాంటి కారణాలు ముందుంటాయి.

ఇంట్లో ఏం చేయాలి?

* రంగు, రుచి, వాసనలతో యురేనియాన్ని పట్టుకోలేం. ఇంటికొచ్చి టీడీఎస్ మీటరు ముంచి చూపించేవాళ్లు చెప్పేది మొత్తం లవణాల లెక్కే. అందులో యురేనియం తెలియదు. ప్రయోగశాలలో 'యురేనియం' అని ప్రత్యేకంగా అడిగి పరీక్ష చేయించాలి. అతినీలలోహిత కాంతి పడితే యురేనియం పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపును కొలిచే పరికరాలు మన దేశంలో ఉన్నాయి.

* కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ యురేనియం పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి. కుండ, క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం... ఇవేవీ దీనికి పనికిరావు.

* ఆర్‌ఓ యంత్రం చాలావరకు తీసేస్తుంది, పొరను వేళకు మారుస్తుంటేనే. దాన్నుంచి బయటకు పోయే నీటిలో యురేనియం చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లను పశువుల తొట్టిలో పోయకండి.

* తాగటానికి ఎంత జాగ్రత్త తీసుకుంటామో వంటకూ అంతే. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేవి ఆ నీళ్లే. స్నానానికీ బట్టలుతకటానికీ భయం లేదు, చర్మంలోంచి లోపలికి పోయేది అతి స్వల్పం.

* శుద్ధిచేసిన నదీజలాలు నల్లాలో వస్తుంటే తాగటానికి వాటినే వాడండి. కృష్ణా, గోదావరి నీళ్లు గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవున్నవి కావు.

* పక్కింటి బోరు ఫలితాన్ని మీ బోరుకు అన్వయించుకోకండి. మంచిదైనా, చెడ్డదైనా!

బోరు వేయించేటప్పుడు పాయింటు చూపించటానికి కొంత, అడుగుల లెక్కన బండికి కొంత, కేసింగు పైపులకు కొంత, మోటారుకు కొంత అని లెక్కలు వేసుకుంటాం. నీళ్లు పడగానే పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, దోసిట్లో పట్టి తాగుతాం. ఆ లెక్కల్లో ఇంకొక్క పద్దు కలపాలి... నీటి పరీక్ష. నీళ్లు ఎంత ఎక్కువ ఎగదన్నితే అంత పెద్ద చీలిక తగిలిందన్నమాట. అంతగా సంతోషించాల్సిన బోరునే ముందుగా ఒక సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి. కాగితం మీద అంకె వచ్చేదాకా ఆ నీళ్లు పొలానికీ, వాడకానికీ. బిందెలోకి మాత్రం ఆ తర్వాతే.